వెనకవైపు తిప్పి చూడాల్సిన సంచి

స్కాట్లండ్ హైలాండ్స్ మగవాళ్లు నడుముకు చుట్టి కట్టే కిల్టు అనే వస్త్రానికి జేబులుండవు. అందుకే డబ్బు, తాళాలు పెట్టుకోవడానికి నడుము ముందు గొలుసుతోనో తోలు పట్టీతోనో ఒక సంచి వేలాడదీస్తారు. అదే స్పోరాన్. హైలాండ్ దుస్తులను నిషేధిస్తూ 1746లో వచ్చిన చట్టం 1782లో రద్దయ్యాక, ఈ సంచి చాలా రూపాలు దాల్చింది. సైనిక దళాలు పొడవాటి గుర్రపు వెంట్రుకలతో చేసినవి ధరించాయి. విందులకు బొచ్చు, వెండి అంచు ఉన్నవి వచ్చాయి. పగటిపూట వేసుకునేది మాత్రం ఉత్త తోలుదే. లోపాన్ని కప్పిపుచ్చే బొచ్చు గానీ వెండి గానీ దానికి ఉండవు. అందుకే పనివాడి నేర్పంతా తుది మెరుగులోనే తేలుతుంది.

దీనికి చెట్టు బెరడుతో ఊనిన తోలే కావాలి. మన దగ్గర తంగేడు చెక్క చేసిన పనే అక్కడ ఓక్ బెరడు చేస్తుంది. అలాంటి తోలును తడిపి, పైతేమ ఆరుతుండగా కత్తితో గీసి, పనిముట్లతో అద్దితే కెల్టిక్ ముడుల నగిషీ చెరగకుండా నిలుస్తుంది.

తర్వాత రంగు. ఒకేసారి దట్టంగా పూయకుండా పలచగా పూతమీద పూత వేస్తారు. ఆరాక తోలులో ఇంకని రంగంతా పోయేదాకా పొడిగుడ్డతో రుద్దుతారు. ఈ పనిలో తొందరపడితే ఆ రంగు వెళ్లి ఉన్ని కిల్టుకు అంటుకుంటుంది. నడిచిన ప్రతి అడుగుకూ సంచి వెనకభాగం కిల్టును ఒరుసుకుంటూనే ఉంటుంది మరి.

కుట్టుకు మైనం పట్టించిన నారదారం వాడతారు. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలోనూ రెండింటినీ ఎదురెదురుగా దూరుస్తారు. ఒక చోట దారం తెగినా, రెండో వైపు పోగు పట్టి ఉంచుతుంది కాబట్టి కుట్టు వరసగా ఊడిపోదు.

అన్నిటికంటే ఓపిక కావాల్సింది అంచుకు. కోసిన తోలు అంచు పీచుపీచుగా ఉంటుంది. ముందు దాని మూలలు చెక్కి, గరుకు కాగితంతో సాపు చేస్తారు. తడి చేసి, ట్రగకాంత్ బంక రాసి, కర్రతోనో ఎముకతోనో గట్టిగా రుద్దుతారు. ఆ ఒరిపిడి వేడికి పీచులు అణిగి, పొరలన్నీ ఒకే ముక్కలా కనిపిస్తాయి. పైన తేనెమైనం పట్టిస్తే తేమ లోపలికి తేలిగ్గా చొరబడదు.

చివరగా పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె పలచగా రాస్తారు. ఎక్కువైతే తోలు వేలాడిపోతుంది, నగిషీ పదును తగ్గుతుంది.

స్పోరాన్ తయారీని బ్రిటన్‌లోని హెరిటేజ్ క్రాఫ్ట్స్ సంస్థ ప్రమాదంలో ఉన్న చేతిపనుల జాబితాలో చేర్చింది. ఈ పని బతకాలంటే దాన్ని గుర్తుపట్టగల కొనుగోలుదార్లు కావాలి. ముందున్న నగిషీకి మురిసిపోయే ముందు సంచిని వెనక్కి తిప్పండి. అంచు మీద వేలు నడపండి, తెల్లగుడ్డతో వెనకభాగాన్ని తుడవండి. వేలికి గరుకు తగలకపోతే, గుడ్డకు రంగు అంటకపోతే, అడిగిన ధర సంతోషంగా ఇవ్వండి. ఎవరూ చూడని చోట పెట్టిన శ్రమకు కూడా ఆ ధరలో వాటా ఉంది.