బొమ్మకు దొరకని తేడా

1897లో సికింద్రాబాద్ బేగంపేటలో దోమల పొట్టలు కోసి చూస్తున్న రొనాల్డ్ రాస్‌కు ఆ దోమల శాస్త్రీయ నామాలు తెలియవు. బూడిదరంగువి, చారలవి, రెక్కల మీద మచ్చలున్నవి అని తనకు తోచిన గుర్తులు పెట్టుకున్నాడు. మొదటి రెండు రకాల్లో ఎంత వెతికినా ఫలితం లేకపోయింది. ఆగస్టు 20న మచ్చరెక్కల దోమ జీర్ణకోశం గోడలో మలేరియా పరాన్నజీవి కనబడింది. అప్పటిదాకా ఆయన శ్రమంతా వేరే దోమల మీద పోయింది.

ఏది ఏ జాతో గుర్తుపట్టడంలోని ఆ చిక్కు మన మంచినీటి చేపల పరాన్నజీవుల్లో ఇంకా ఎక్కువ. మృగశిర కార్తెకు రాంగోపాల్‌పేట మార్కెట్‌లో జనం ఎగబడి కొనే బొచ్చె, శీలావతి లాంటి చేపల మొప్పలు ఎత్తి చూస్తే ఒక్కోసారి నూకల్లాంటి తెల్లటి బుడిపెలుంటాయి. వాటిలో కొన్ని మిక్సోబోలస్ అనే పరాన్నజీవి గూళ్లు. లోపల లెక్కలేనన్ని బీజకాలు, ఒక్కోటి మిల్లీమీటరులో నూరోవంతు. ఇవి జెల్లీచేపలకు దూరపు బంధువులంటే నమ్మబుద్ధి కాదు గానీ, నిజమే. బీజకం కొసన రెండు సంచుల్లో చుట్టుకుని ఉండే తీగ, జెల్లీచేప కుట్టే తీగ ఒకే వంశానివి.

ఈ ప్రజాతిలో వందల జాతులున్నాయి. వాటిని విడదీయడానికి తరాలుగా నమ్ముకున్నది మైక్రోస్కోపునే. బీజకం పొడవు, వెడల్పు కొలవడం, తీగ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టడం, బొమ్మ గీయడం, ఏ చేపలో, ఏ అవయవంలో, ఏ ఊళ్లో దొరికిందో రాసిపెట్టడం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో నరసింహమూర్తి, కళావతి 1975లో మట్టగిడస పేగులో దొరికిన, మిక్సోబోలస్‌కు దగ్గరి ప్రజాతి అయిన హెన్నెగుయాలోని ఒక జాతికి హెన్నెగుయా వాల్టెయిరెన్సిస్ అని పేరు పెట్టింది ఈ దారిలోనే. ఆ ఓపికను తక్కువ చేయలేం. కానీ ఒకే జాతి రెండు చేపల్లో రెండు కొలతల్లో పెరగొచ్చు, రెండు జాతులు ఒకే కొలతలో కుదిరిపోనూవచ్చు. అక్కడ కన్ను చేతులెత్తేస్తుంది.

హైదరాబాద్‌లో తార్నాక దాటి హబ్సిగూడ వెళ్తే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. అక్కడ లాల్జీ సింగ్ బృందం మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్-బి జన్యువుతో, పట్టుబడ్డ మాంసం ఏ జంతువుదో తేల్చే పద్ధతిని రూపొందించింది. ఇక్కడా అదే వాడొచ్చు కదా అనిపిస్తుంది. ఈ గుంపులో అది అంత సులువు కాదు. సాల్మన్ కండలో బతికే ఒక హెన్నెగుయాకు అసలు మైటోకాండ్రియా జన్యుపదార్థమే లేదని, అంటే మనలా ఆక్సిజన్‌తో శ్వాసించదని 2020లో బయటపడింది! అందుకే ఎక్కువమంది 18ఎస్ రైబోజోమ్ జన్యువును చదువుతారు. అది ఒక్కో కణంలో చాలా ప్రతులుగా ఉంటుంది కాబట్టి ఒక్క బుడిపె చాలు. కానీ ఒక్కటే తీసుకోవాలి. రెండు కలిపితే రెండు జాతులు కలిసిపోవచ్చు. సగం కొలతలకు, సగం ఆల్కహాల్‌లో జన్యు పరీక్షకు. పీసీఆర్‌తో జన్యువును పెంచి, అక్షరాల వరుస చదివి, ఇప్పటికే నమోదైన వరుసలతో పోలుస్తారు.

ఎంత తేడా వస్తే వేరే జాతి? అందరూ ఒప్పుకున్న గీత లేదు. పైగా పాత నమూనాలు చాలావరకు ఫార్మాలిన్‌లో నానినవి. అది ఆకారాన్ని కాపాడుతుంది, డీఎన్ఏను పాడుచేస్తుంది. అలాంటి పాత పేరుకు జన్యువరుస జతచేయాలంటే అదే చేపను అదే చోట మళ్లీ పట్టి, అదే అవయవంలో వెతకాలి. అప్పుడు దారి చూపేది ఆ పాత కాగితమే. బొమ్మా కొలతలూ లేకుండా వరుస మాత్రమే చూపి కొత్త జాతి అనే పరిశోధకులు, రేపు తమ వెనక వచ్చేవాళ్లకు ఏమీ మిగల్చడం లేదని నా అభిప్రాయం.

రైతుకు దీనితో ఏం పని? 1984లో కెన్నెత్ వోల్ఫ్, మరియా మార్కివ్ అమెరికాలో ఒక సంగతి ప్రకటించారు. ట్రౌట్ చేపను గిరగిరా తిప్పే మిక్సోబోలస్, బురదలోని ట్యూబిఫెక్స్ పురుగులో వేరే రూపంలో బతుకుతుంది. ఆ రూపాన్ని అంతవరకు వేరే తరగతి జీవిగా లెక్కేసేవారు. తర్వాత 18ఎస్ వరుసలూ రెండూ ఒకటేనన్నాయి. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో చేపకు పట్టినదాన్నీ, అడుగు బురదలోని పురుగులో దొరికినదాన్నీ ఇలాగే జతపరిస్తే, చెరువు ఎండగట్టి సున్నం చల్లడం ఏ పురుగును దెబ్బతీయడానికో తెలుస్తుంది. చేపలోకి చేరాక వీటిని పూర్తిగా వదలగొట్టే నమ్మకమైన మందు లేదు, దుకాణంలో ఏం చెప్పి అమ్మినా సరే.