మాట వినకపోవడమూ నేర్పాలి

మా ఫ్రీజర్ తెరిస్తే కొబ్బరి కోరు, మునగాకు పక్కనే చిన్న చిన్న జిప్ సంచులు కనిపిస్తాయి. వాటిలో ఉన్నది నా ఉమ్మితో తడిసిన దూది. ఒక్కో సంచి మీద తేదీ, అప్పటి షుగర్ అంకె: 62, 58, 66. నాది టైప్ 1 డయాబెటిస్. షుగర్ పడిపోతే వాసన పట్టి నాకు చెప్పేలా మా లాబ్రడార్ చిట్టికి నేర్పే పాఠాలన్నీ ఈ సంచులతోనే.

మేముండేది డాలస్‌లో. 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం కింద ఇలా సాయపడే సర్వీస్ డాగ్‌కి ఎవరికి వారే తర్ఫీదు ఇచ్చుకోవచ్చు, సర్టిఫికెట్ అక్కర్లేదు. షాపులోకి తీసుకెళ్తే, కుక్క దేనికో చూడగానే తెలియకపోతే షాపువాళ్లు రెండే ప్రశ్నలు అడగొచ్చు: వైకల్యం వల్ల ఇది అవసరమా, ఏ పని నేర్చుకుంది? అయితే పని వచ్చాకే ఆ చట్టం వర్తిస్తుంది.

షుగర్ 70 కిందికి దిగితే ముందు దూదిని బుగ్గన పెట్టి తీసేస్తాను, వెంటనే గ్లూకోజ్ బిళ్లలు. తర్వాత ఓపిక ఉన్న పూట మూడు చిల్లుల డబ్బాలు పరుస్తాను. ఒకదాంట్లో ఆ దూది, ఒకదాంట్లో షుగర్ బాగున్నప్పటిది, మూడోదాంట్లో ఉత్త దూది. సరైన డబ్బా దగ్గర ముక్కు ఆపితే ఉడికించిన చికెన్ ముక్క. అయిదు నిమిషాలకు మించి చేయను. దానికీ విసుగే, నాకూ నీరసమే.

వాసన పట్టడం తొందరగానే వస్తుంది. కష్టమంతా ఆ తర్వాతే. ‘కూర్చో’ అంటే కూర్చునేలా నేర్పిన కుక్కే, ఆ వాసన తగిలితే నా మాట కాదని లేచి మోకాలి మీద కాలు వేయాలి. షుగర్ పడినప్పుడు నాకు వచ్చేది చిరాకు. ‘నాకేం కాలేదు, పో’ అంటాను. నాలుగుసార్లు అలా తోసేస్తే అది చెప్పడమే మానేస్తుంది. అలాగని చూడకుండా చికెన్ పెట్టేస్తే ఊరికే కాలు వేయడం మరుగుతుంది. అందుకే ముందు వేలి నెత్తురు చుక్కతో మీటరు పరీక్ష, అంకె చూశాక బహుమానం.

కుక్క ఉన్నా, షుగర్ కొలిచే సెన్సర్ మాత్రం చేతికి ఉండాల్సిందే. ఈ కుక్కల కచ్చితత్వం కుక్క కుక్కకీ మారుతుందని పరిశోధనల్లోనే తేలింది.

జబ్బుతో ఉండి కుక్కను తయారు చేసుకుందామనుకునేవాళ్లకి నేను చెప్పేదొకటే. అది అర్ధరాత్రి నిద్ర లేపినా కసరకుండా మీటరు అందుకోగలరా? అందుకు సిద్ధపడ్డాకే కుక్కపిల్లను తెచ్చుకోండి.