గొంతును కాదు, పూనికను తూచాలి

వయసు మళ్లిన గాయకుల రికార్డు ఒకటి బయటికొస్తే మన చెవులు ముందు పాత లెక్కల పుస్తకం తెరుస్తాయి. పై స్థాయి అందుతోందా, ఊపిరి నిలుస్తోందా, పాతికేళ్ల కిందటి మెరుపు మిగిలుందా అని చూసుకున్నాకే పాట సంగతి. ఇది మన సంగీతానికి మాత్రమే పట్టిన జబ్బు కాదు. రోలింగ్ స్టోన్స్ బృందం ఎనభైకి అటూ ఇటూ వయసులో, 2023లో ‘హాక్నీ డైమండ్స్’ ఆల్బమ్ తెస్తే దాన్నీ డెబ్భైల నాటి వాళ్ల రికార్డుల పక్కన నిలబెట్టే కొలిచారు. తిరుపతిలో ఈ తూకం రోజూ తెల్లవారుజామునే జరిగిపోతుంటుంది. ఇక్కడ ఎమ్మెస్ సుబ్బులక్ష్మి అంటే 1963లో వచ్చిన వేంకటేశ సుప్రభాతం. పూర్ణకుంభం కూడలిలో 2006లో ఆమె విగ్రహం పెట్టినా, దాన్ని చూసినవాళ్లకి చెవిలో మోగేది ఆ సుప్రభాతమే. ఆ రికార్డు నీడలో ఆమె తర్వాతి పని రెండు పెద్ద మలుపులు తిరిగింది. ఒకటి 1970లో వచ్చిన విష్ణుసహస్రనామం, భజగోవిందం. రెండోది తిరుమల తిరుపతి దేవస్థానం 1979-80 ప్రాంతంలో పాడించిన అయిదు రికార్డుల బాలాజీ పంచరత్నమాల. రెండింటిలో మొదటిదే మేలైనదని సంగీతం తెలిసినవాళ్లు తడుముకోకుండా చెబుతారు. నిర్దుష్టతే కొలమానమైతే నేనూ ఆ మాటే అంటాను. కానీ చివరి కాలపు పనికి నిర్దుష్టత సరైన కొలమానం కాదని, ఆ కళాకారిణి ఆ వయసులో కొత్తగా ఏం తలకెత్తుకుందో చూడాలని, అలా చూస్తే పంచరత్నమాలే పెద్ద పని అని నా వాదన.

ముందు 1970 నాటి రికార్డుకి దక్కాల్సింది దక్కనిద్దాం. అప్పటికి ఆమెకి యాభై నాలుగేళ్లు. నాలుగేళ్ల ముందే ఐక్యరాజ్యసమితిలో పాడి వచ్చారు. పేరులో ఇంక పెరగడానికి చోటు లేదు. అలాంటి గాయని సుమారు అరగంట పాటు నాలుగైదు స్వరాల మధ్యనే తిరుగుతూ వందకు పైగా శ్లోకాలు చదవడానికి కూర్చున్నారు. గమకం లేదు, సంగతి లేదు, మెప్పు కొట్టేసే చోటే లేదు. అనుష్టుప్పులో అరశ్లోకానికి పదహారు అక్షరాలు. ఆ పదహారింటిలో నాలుగైదు నామాలు సంధులతో ఒకదానిలో ఒకటి కలిసిపోయి వస్తాయి. ఎక్కడ విడదీయాలో తెలియక ఊపిరి తీసుకుంటే ఒక నామం రెండుగా తెగిపోతుంది, లేదా రెండు నామాలు ఒకటైపోతాయి. సుబ్బులక్ష్మి ఊపిరి పాదం చివర మాత్రమే పడుతుంది. పక్కన సహగాయని రాధా విశ్వనాథన్ గొంతు కలిసినా ఎక్కడా ఇద్దరున్నట్టు అనిపించదు. నూరో శ్లోకం మొదటి శ్లోకం ఎత్తులోనే ఉంటుంది. అలుపు లేదు, తొందర లేదు. ఇంట్లో పుస్తకం పట్టుకుని వెంట చదివేవాళ్లకి ఈ రికార్డు గురువైంది. ఉచ్చారణ సందేహం వస్తే ‘ఎమ్మెస్ ఎలా చదివారు’ అని చూసుకునే ఇళ్లు చిత్తూరులోనూ మదనపల్లెలోనూ ఈనాటికీ ఉన్నాయి.

భజగోవిందం తీరు వేరు. మొదట రాజాజీ ఇంగ్లీషులో నాలుగు మాటలు చెబుతారు, ఆ తర్వాత రాగమాలికగా శ్లోకాలు నడుస్తాయి. జ్ఞానం, భక్తి వేరు కాదన్న రాజాజీ ముందుమాటని పాట ఎక్కడా కాదనదు. అయితే మొత్తంగా చూస్తే 1970 నాటి రికార్డు 1963లో వేసిన దారిలోనే ఇంకా దూరం నడిచిన పని. సంస్కృత స్తోత్రం, స్పష్టమైన ఉచ్చారణ, పొద్దున్నే వినదగిన నెమ్మది. ఆమెకి ఈ మూడూ అప్పటికే చేతనైనవి. అంతకంటే కష్టమైన పాఠాన్ని అంతకంటే బాగా చదివారు. ఆ దారిలో అంతకు మించి ఎక్కడానికి మెట్టు లేదు. అందుకే దాన్ని శిఖరం అనడానికి నాకు అభ్యంతరం లేదు. తెలిసిన కొండ శిఖరం.

పంచరత్నమాల పుట్టిన తీరే వేరు. సుప్రభాతం రికార్డు మీద వచ్చే రాయల్టీని సుబ్బులక్ష్మి దేవస్థానం వేదపాఠశాలకి ఇచ్చేశారు. కచేరీల మీద వచ్చిందాన్ని ఆస్పత్రులకీ విద్యాసంస్థలకీ గుళ్లకీ దశాబ్దాల పాటు పంచిపెట్టారు. చివరికి మద్రాసులోని కల్కి గార్డెన్స్ ఇల్లు కూడా చేతిలో మిగల్లేదు. అప్పట్లో దేవస్థానం కార్యనిర్వహణాధికారి పి.వి.ఆర్.కె. ప్రసాద్. సుబ్బులక్ష్మి దంపతులకి సాయం చేయాలి, కానీ సాయం అంటే వాళ్లు పుచ్చుకోరు. అందుకని స్వామి మీద పాడి ఇమ్మని అడిగి ప్రతిఫలంగా ఇవ్వాలనుకున్న సంగతి ప్రసాద్ తన తిరుమల జ్ఞాపకాల్లో రాసుకున్నారు. ఇక్కడే మొదటి అభ్యంతరం ఎదురవుతుంది: ఆదుకోవడానికి పుట్టిన రికార్డుని కళాఖండంగా ఎలా చూస్తాం? అవసరం కోసం చేసిన పనిలో తపన ఎంత ఉంటుంది? చూడ్డానికి బలమైన ప్రశ్నే. కానీ మన సంగీత సాహిత్యాల్లో సగం ఎవరో ఒకరు అడిగితే, ఇస్తామంటే పుట్టినవే. డబ్బు ఎందుకిచ్చారన్నది ఇచ్చినవాళ్ల సంగతి. పుచ్చుకున్నవాళ్లు దానికి బదులు ఏం చేశారన్నదే మనం చూడాల్సింది. చేతనైన స్తోత్రాలే మరో అయిదు రికార్డుల నిండా చదివి ఇచ్చినా దేవస్థానం కళ్లకద్దుకుని తీసుకునేది. ఆమె అక్కడితో ఆగలేదు.

అన్నమయ్యని నెత్తికెత్తుకున్నారు. ఈ మాట బరువు ఇప్పటి శ్రోతకి తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారంలో దొరికిన రాగిరేకుల మీద పాఠం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. త్యాగరాజ కృతికి గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి సంగతులతో సహా పాఠాంతరం వస్తుంది. అన్నమయ్య కీర్తనకి అలాంటి దారి తెగిపోయి శతాబ్దాలైంది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1950 తర్వాత దేవస్థానంలో కూర్చుని ఒక్కొక్క కీర్తనకి స్వరం కట్టి దారి మొదలుపెట్టారు. 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు వచ్చింది. ఆ సందులో నేదునూరి కృష్ణమూర్తి కట్టిన బాణీలు సుబ్బులక్ష్మి దగ్గరికి చేరాయి. అరవై దాటిన విద్వాంసురాలు, కచేరీల్లో పాడటానికి జీవితానికి సరిపడా కృతులు కంఠస్థంగా ఉన్నావిడ, తన మాతృభాష కాని తెలుగులో, తనకంటే పదకొండేళ్లు చిన్నవాడైన విద్వాంసుడి బాణీలకి మళ్లీ పాఠం మొదలుపెట్టారు. అన్నమయ్య తెలుగు త్యాగయ్య తెలుగంత సాఫీగా ఉండదు. సంస్కృత సమాసం పక్కనే పల్లె నోటి పలుకు వస్తుంది, ఒక చరణంలోనే రెండు మూడు మలుపులు తిరుగుతుంది. కడయనల్లూర్ వెంకటరామన్ బాణీ కట్టిన ‘భావయామి గోపాలబాలం’ లాంటి సంస్కృత కీర్తనలు ఆమెకి అలవాటైన నేల. తెలుగు కీర్తనల్లో ఆ వెసులుబాటు లేదు.

‘నానాటి బ్రతుకు’ పాటని దగ్గరగా వినండి. రేవతి రాగం. షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం, అంతే. గాంధారమూ లేదు, ధైవతమూ లేదు. వేదం చదువుతున్నట్టూ ఉంటుంది, ఎవరో లోపల ఏడుస్తున్నట్టూ ఉంటుంది. బతుకు నాటకమని చెప్పే పాటకి ఈ రాగం దొరికితే సామాన్య గాయకులు ఏడుపు వైపే జారిపోతారు. సుబ్బులక్ష్మి జారరు. పల్లవిని విసుగులేని గొంతుతో, ఎవరికో సంగతి చెబుతున్నట్టు పాడతారు. బరువంతా పల్లవి చివరి దీర్ఘం మీద వేసి అక్కడే వదిలేస్తారు. చరణంలో పైకి వెళ్లినప్పుడు గొంతు పాత రోజుల్లా విచ్చుకోదు, కాస్త బిగుసుకుంటుంది. దాచడానికి ఆమె ప్రయత్నించలేదు. పాట చెప్పే సంగతికి ఆ బిగువు అడ్డం రాలేదు, నా చెవికైతే తోడే వచ్చింది. అమెరికాలో జానీ క్యాష్ 1994 నుంచి చివరి రోజుల దాకా బీటలు వారిన గొంతుతో చేసిన రికార్డులని జనం గట్టిగా పట్టించుకున్నారు. గొంతు తగ్గిన చోట మాట పెరుగుతుందని అక్కడ ఒప్పుకున్నవాళ్లు ఇక్కడ ఎందుకు ఒప్పుకోరో నాకు అర్థం కాదు.

రెండో అభ్యంతరం పంచరత్నమాల కూర్పు మీద. ఇది నిజమైన లోపమే, వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. స్తోత్రాలు, నామరామాయణం, హనుమాన్ చాలీసా, అన్నమయ్య కీర్తనలు అన్నీ ఒకే మాలలో గుచ్చారు. ఆలయానికి ఎదురుగా బేడీ ఆంజనేయస్వామి నిలబడే ఉన్నాడు కాబట్టి చాలీసా పరాయిది కాదని ఎవరైనా అనొచ్చు. కానీ అసలు కారణం అది కాదనే నా అనుమానం. దేశమంతా అమ్ముడుపోవాలన్న ఆలోచన పేరులోనే కనబడుతుంది. తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లు స్వామిని బాలాజీ అనరు. 1970 నాటి రికార్డులో మొదటి నుంచి చివరిదాకా ఒకే పట్టు ఉంటుంది, ఇందులో అది లేదు. అయిదు రికార్డులూ వరసగా వింటే కొన్నిచోట్ల మనసు పక్కకి పోతుంది. అయినా ఈ అతుకుల మధ్యనుంచే, అప్పటిదాకా అన్నమయ్య పేరు భజన గోష్ఠుల్లో వినడమే తప్ప కచేరీలో ఎరగని ఇళ్లకి తమిళనాడులో, కర్ణాటకలో, ఉత్తరాదిలో ఆ కీర్తనలు చేరాయి. చాలీసా కోసం కొన్నవాళ్ల ఇంట్లోకి అన్నమయ్య కూడా వచ్చి కూర్చున్నాడు.

ఇంతకంటే ఇబ్బంది పెట్టే అభ్యంతరం మా ఊళ్ల నుంచే వస్తుంది. అన్నమయ్యని పాడటానికి మద్రాసు దాకా పోవాలా? వాయల్పాడులో పుట్టిన శోభారాజు ప్రాజెక్టు తొలి కళాకారిణిగా అప్పటికే ఊరూరా పాడుతున్నారు. 1978లోనే ప్రాజెక్టులో చేరిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ 2025లో కన్నుమూసేదాకా తిరుపతిలోనే ఉండి, వందల కీర్తనలకి బాణీలు కట్టి, వేల వేదికల మీద పాడారు. అన్నమయ్యని తెలుగువాడి నోటికి అలవాటు చేసింది వీళ్లు కాదా? వీళ్లే. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. పండక్కీ పబ్బానికీ పాడుకునే అన్నమయ్య మనకి వీళ్ల వల్ల దక్కినవాడు. కాకపోతే ఆనాటి కర్ణాటక సంగీత సభల్లో అన్నమయ్యకి కుర్చీ లేదు. సంగీత త్రిమూర్తుల పక్కన కూర్చోబెట్టాలంటే ఆ సభలు కాదనలేని గొంతు ఒకటి కావలసి వచ్చింది. కుర్చీ వేసిందెవరు, ఇంటికి తెచ్చిందెవరు అని పందెం పెట్టుకోనక్కర్లేదు. రెండు పనులూ జరిగాయి.

ఆ గొంతు చేసిన మేలుతోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది, అది నా వాదనకే అడ్డం తగులుతుంది. ‘నానాటి బ్రతుకు’ కీర్తనకి రాగిరేకు మీద ఉన్న రాగం ముఖారి. మనం వినేది రేవతి. నేదునూరి బాణీ ఎంత గొప్పదంటే, సుబ్బులక్ష్మి దాన్ని ఎంత ముద్రవేసి పాడారంటే, ఇప్పుడు ఆ పాటని ముఖారిలో ఎవరైనా పాడితే తప్పు పాడారంటారు. అయిదు వందల ఏళ్ల కిందటి పదకర్తే రేవతిలో పాడాడని నమ్మేవాళ్లు లెక్కలేనంత మంది. ఒక రికార్డు అంత బలంగా స్థిరపడితే మిగతా దారులు మూసుకుపోతాయి. విష్ణుసహస్రనామానికి ఈ ప్రమాదం లేదు, అక్కడ చదివే పద్ధతి అందరికీ ఉమ్మడి సొత్తు. అయితే ఈ తప్పుని పాడినావిడ మీద వేయడం అన్యాయం. పాట వెనక బాణీ ఎవరిదో చెప్పకుండా పదే పదే వినిపించినవాళ్లది ఆ పూచీ. రికార్డు కవర్లు పోయి క్యాసెట్లు వచ్చాయి, క్యాసెట్లు పోయి సీడీలు, అవీ పోయి ఇప్పుడు యూట్యూబ్‌లో ఒక్కొక్క పాట విడివిడిగా తిరుగుతోంది. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా ఒక్కో పేరు రాలిపోయింది. చివరికి అన్నమయ్య పేరు, సుబ్బులక్ష్మి పేరు మాత్రమే మిగిలాయి.

అందుకని దేవస్థానం వాళ్లకి ఒక మనవి. ఈ అయిదు రికార్డులనీ మొదట వచ్చిన వరసలోనే, ఒకచోట, అందరికీ అందేలా పెట్టండి. ప్రతి అన్నమయ్య కీర్తన కిందా రాగిరేకు మీది రాగం ఏదో, పాడిన రాగం ఏదో, బాణీ ఎవరిదో మూడు ముక్కలు రాయండి. మీ చానల్ ఎస్వీబీసీలో పాట వచ్చినప్పుడు తెర మీద అన్నమయ్య పేరు పక్కన నేదునూరి పేరు వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఎస్వీ సంగీత కళాశాలలో చదివే పిల్లల చేత అవే కీర్తనలని రేకు మీది రాగంలో కట్టించి, పాడించి, పక్కన పెట్టండి. అరవై దాటాక కొత్త పాఠం నేర్చుకున్నావిడ పని ఎంత పెద్దదో, ఆ రెండూ పక్కపక్కన విన్నవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు.