అప్పు ముందా, పన్ను ముందా

ఒక లెక్క వేసుకుందాం. హైదరాబాద్‌లో కాంట్రాక్టు ఉద్యోగాలు చేసే ఒక అమ్మాయి. 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక కంపెనీలో నెలకు లక్ష. అక్టోబరులో పని లేదు. నవంబరు నుంచి మార్చి దాకా మరో చోట నెలకు లక్షా అరవై వేలు. మొదటి కంపెనీ ఏడాది జీతం 12 లక్షలని అంచనా కట్టింది. అందులో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోతే పన్ను పడదు కనుక ఏమీ కట్ చేయలేదు. రెండో కంపెనీ తానిచ్చిన 8 లక్షలే చూసుకుంది, అదీ కట్ చేయలేదు. చట్టం మాత్రం రెండూ కలిపి 14 లక్షలు చూస్తుంది. డిడక్షన్ పోగా మిగిలే 13.25 లక్షల మీద కొత్త విధానంలో పన్ను 78,750, సెస్సుతో 81,900. జులైలో రిటర్ను వేయడానికి కూర్చుంటే ఈ అంకె బయటపడుతుంది. దాని మీద, అడ్వాన్స్ టాక్స్ కట్టనందుకు 234బి, 234సి సెక్షన్ల కింద పడే వడ్డీలు ఏడు వేలు దాటుతాయి. ఇంకోపక్క చదువు కోసం తెచ్చిన 20 లక్షల లోను ఉంది. 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు, నెలకు సుమారు 27,550 ఈఎంఐ, కో-అప్లికెంటుగా నాన్న.

దీన్ని ఊహించని బిల్లు అంటాం. నిజానికి ఆ డబ్బు నవంబరు నుంచీ నెలనెలా ఆమె ఖాతాలోకి వస్తూనే ఉంది. అయితే మన ఇళ్లలో అప్పంటే ఉన్న భయం చిన్నది కాదు. చేతిలో నాలుగు రూపాయలు ఆడగానే ‘ముందు బ్యాంకువాళ్లకు కట్టెయ్’ అంటారు. ఈఎంఐ మీద అదనంగా ఒక యాభై వేలు, ఇంకో ముప్ఫై వేలు లోనుకే వెళ్లిపోతాయి. నాకు అభ్యంతరం ఉన్నది ఇక్కడే. నిలకడ లేని ఆదాయం ఉన్నవాళ్లు ఏడాది పన్ను లెక్క తేలేదాకా లోనుకు ఈఎంఐకి మించి ఒక్క రూపాయి కూడా కట్టకూడదు. అలా కట్టిన సొమ్మును మామూలుగా బ్యాంకు వెనక్కివ్వదు. పైగా ఇప్పటి పన్ను విధానంలో గీత ఎక్కడుందో చూడండి. పన్ను పడే ఆదాయం 12 లక్షల దాకా రిబేటు వల్ల కట్టాల్సింది సున్నా. గీత కాస్త దాటినవాళ్లకు కొంత ఊరట ఉంది కానీ 13 లక్షలు దాటేసరికి అది ఉండదు. నెలజీతం స్థిరంగా ఉన్నవాళ్లకు తాము గీతకు ఏ పక్కన ఉన్నారో ఏప్రిల్‌లోనే తెలుస్తుంది. కాంట్రాక్టు మీద బతికేవాళ్లకు అది తెలిసేసరికి ఏడాది సగం దాటిపోతుంది.

లోను మీద 11 శాతం వడ్డీ పడుతుంటే డబ్బు ఆరు శాతానికి డిపాజిట్‌లో పెట్టడం తెలివా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తేడా ఐదు శాతం. ఎనభై వేల మీద ఐదు నెలలకు అది 1,700 రూపాయల లోపే. అదే సొమ్ము మార్చి 15లోగా అడ్వాన్స్ టాక్స్‌గా కడితే పైన చెప్పిన వడ్డీలో సగానికి పైగా, అంటే నాలుగు వేల దాకా తగ్గుతుంది. చేతిలో డబ్బు లేక క్రెడిట్ కార్డు గీకాల్సి వస్తే నెలకే మూడు శాతం పైన పడుతుంది, దాంతో పోలిక అక్కర్లేదు. లోను వడ్డీకి మినహాయింపు ఉంది కదా అన్నది ఇంకో మాట. 80ఇ సెక్షన్‌కు పరిమితి లేదు, ఎనిమిదేళ్లు వాడుకోవచ్చు. కానీ అది పాత విధానంలోనే. ఈ అమ్మాయికే చూస్తే, 2.1 లక్షల లోను వడ్డీ, 1.5 లక్షల పొదుపు, 50 వేల స్టాండర్డ్ డిడక్షన్ అన్నీ తీసేసినా పాత విధానంలో పన్ను 1,14,920 వస్తుంది. ఇంటి అద్దె మినహాయింపు మరో లక్షా అరవై వేలు ఉంటే తప్ప పాత దారి గిట్టుబాటు కాదు. 80ఇని నమ్ముకుని ధీమాగా ఉన్న పిల్లలకు ఈ మాట ముందుగా చెప్పేవాళ్లు ఉండాలి.

కొత్త కంపెనీకి పాత జీతం వివరాలిస్తే వాళ్లే రెండూ కలిపి నెలనెలా పన్ను కట్ చేస్తారు. 2025-26 ఏడాదికి అందుకు ఫారం 12బి ఉంది. జీతం బేరంలో దెబ్బ తింటామని చాలామంది ఇవ్వరు. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు, కానీ ఆఫర్ ఖాయమై చేరిపోయాక ఇస్తే బేరానికి వచ్చే నష్టమేమిటి? అప్పటికీ ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ లెక్క తామే వేసుకుని అడ్వాన్స్ టాక్స్ కట్టాలి.

ఇక బిల్లు వచ్చేసినవాళ్ల సంగతి. కట్టలేమన్న దిగులుతో రిటర్నే వేయకుండా ఊరుకోవడం అన్నిటికన్నా చెడ్డ దారి. గడువు దాటితే ఈ ఆదాయానికి ఐదు వేలు ఆలస్య రుసుము. ఈఎంఐ ఆపి పన్ను కట్టమని కూడా నేను చెప్పను. తొంభై రోజులు బాకీ పడితే లోను మొండి బాకీల్లో చేరుతుంది, నాన్న క్రెడిట్ స్కోరూ పడిపోతుంది. పన్ను మొత్తం ఒకే చలానాలో కట్టాలని లేదు. మేలో ముప్ఫై వేలు, జూన్‌లో ఇరవై వేలు కడితే ఆ మేరకు నెలకు ఒక శాతం వడ్డీ ఆగిపోతుంది. ఆ పైన మిగిలిన దాన్ని ఉపేక్షించకూడదు, పెనాల్టీ వేసే అధికారం శాఖకు ఉంది. డిమాండ్ నోటీసు వస్తే 30 రోజుల గడువు ఉంటుంది. వాయిదాలు కావాలని అసెసింగ్ ఆఫీసర్‌కు అర్జీ పెట్టుకోవాల్సింది ఆ గడువు లోపలే.