డిస్కుల జంట – మేల్కొనని సర్వరు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖకు చెందిన డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అను మువ్వురు 1988 లో ప్రకటించిన ఒక పరిశోధన వ్యాసము కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి పేరు గాంచినది. ఖరీదైన పెద్ద డిస్కుకు మారుగా చౌకయైన చిన్న డిస్కులను పెక్కింటిని జతపరచి వాడవచ్చునని అది వాదించినది. ఇట్టి డిస్కుల కూటమికి 'రెయిడ్' అను పేరు నిచ్చినదియు ఆ వ్యాసమే. నేటి సర్వర్లలో ఈ పద్ధతి సర్వసామాన్యము. అయినను ఒక డిస్కు చెడినప్పుడు, సమాచారమంతయు రెండవదానిలో క్షేమముగ నున్నను, సర్వరు మొదలుకాక మొరాయించుట కలదు. వ్యాసమునందలి వాదమునకు, ఈ అనుభవమునకు నడుమ నున్న వెలితి పరిశీలింపదగినది.

చౌక డిస్కులలోని లోపమును రచయితలు దాచలేదు. ఒక్కొక్క డిస్కు సగటున 30,000 గంటలు, అనగా మూడేండ్లకు పైగా, పనిచేయునని వారు లెక్కించిరి. అట్టివి 100 చేర్చినచో, ఏదో ఒకటి చెడుటకు పట్టు సగటు కాలము 300 గంటలే. అది రెండు వారములకన్న తక్కువ. హైస్కూలు విద్యార్థియు చేయగల ఈ భాగహారమే వ్యాసమునకు పునాది. దీనికి విరుగుడుగా వారు ఐదు అంతస్తులను వర్ణించిరి. మొదటిదానిలో ప్రతి డిస్కుకును ఒక నకలు ఉండును. ఐదవదానిలో నకలు లేదు. సరిచూపు లెక్క మాత్రము డిస్కులన్నింటిపై పంచబడి యుండును. 5, 7 అను అంకెలతోపాటు వాని మొత్తము 12 ను కూడ వ్రాసి యుంచినచో, 7 చెరిగినను 12 నుండి 5 తీసివేసి దానిని తిరిగి పొందవచ్చును గదా! డిస్కులలో కూడికకు బదులు బిట్లపై ఇట్టిదే మరియొక క్రియ జరుగును.

ఇంతవరకు వాదము నిర్దుష్టము. కాని ఆ లెక్కలో కూటమి 'చెడుట' యనగా, మొదట చెడిన డిస్కును బాగుచేయులోపల అదే గుంపులో మరియొకటి చెడుట. అనగా అది సమాచార నష్టమును కొలుచు లెక్కయే గాని, యంత్రము మొదలగునా లేదా యని చెప్పు లెక్క కాదు. వ్యాసము దానిని ఉద్దేశింపలేదు కనుక దోషము రచయితలది కాదు. ఆ సంఖ్యలను సర్వరు మొత్తమునకు అభయపత్రముగా భావించువారిదే పొరపాటు.

లినక్సు సర్వరులో వలె కూటమిని ప్రోగ్రామే నడుపుచున్నప్పుడు చిక్కు మరింత స్పష్టము. ఆ ప్రోగ్రాము ఉన్నదియు డిస్కుమీదనే. పెట్టె తాళపుచెవిని పెట్టెలోనే ఉంచి తాళము వేసినట్లు! యంత్రమునకు కరెంటు ఇచ్చిన వెంటనే పనిచేయు ఫర్మ్‌వేరు సాధారణముగా ఇట్టి కూటమి నెరుగదు. అది ఒక్క డిస్కుపై నున్న బూట్‌లోడరును మాత్రమే వెదకును. బూట్‌లోడరు కెర్నెలును, దానితోపాటు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అను చిన్న మూటను మెమరీలోనికి తెచ్చును. ఆ మూటలోని ప్రోగ్రాములే కూటమిని కూర్చును. బూట్‌లోడరును మొదటి డిస్కుపై మాత్రమే అమర్చి యుండి ఆ డిస్కే చెడినచో, రెండవదానిలో సమస్తము ఉన్నను ప్రయోజనము లేదు.

కావున యంత్రము ఏ మెట్టున ఆగినదో చూచుటయే నిదానమునకు మార్గము. బూట్ చేయదగిన పరికరము లేదని ఫర్మ్‌వేరే చెప్పినచో, మిగిలిన డిస్కుపై బూట్‌లోడరు లేదని మొదట అనుమానింపవలెను. 'గ్రబ్ రెస్క్యూ' అను మాట కనబడినచో, బూట్‌లోడరు సగము మేల్కొని తన మిగిలిన భాగములను కనుగొనలేక యున్నదని అర్థము. 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' కడ ఆగినచో, తరచుగా కారణము కూటమి కూడకపోవుటయే. మూటలోని పాత జాబితాలో కూటమి గుర్తింపు సంఖ్య వేరుగా నుండుటచేతను ఇట్లగును. అప్పుడు కూటమిని 'అసెంబుల్' ఆదేశముతో కూర్చి, జాబితాను సరిచేసి, మూటను మరల తయారు చేయవలెను.

ఇచ్చట తొందరపాటు ప్రమాదకరము. 'అసెంబుల్' ఉన్న కూటమిని కూర్చును. 'క్రియేట్' క్రొత్తదానిని సృష్టించును. రెంటికిని భేదమెరుగక రెండవదానిని వాడినచో, డిస్కు చెడినను చెక్కుచెదరని సమాచారము మనుష్యుని చేతిలో నశింపవచ్చును. పరీక్షా ఫలితములు దాచిన సర్వరులో దీని అర్థమేమో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు.

బర్కిలీ వ్యాసము డిస్కుల గణితమును నేర్పినది. ఆ గణితపు ఎల్లను పాఠకుడే గుర్తింపవలెను. ఎల్లకు ఆవల నున్నది ప్రయోగము. జంట డిస్కుల సర్వరును పనిలో పెట్టకముందు, సమాచారమునకు వేరొకచోట ప్రతి తీసి యుంచి, యంత్రమును ఆపి, ఒక డిస్కును తొలగించి మొదలిడి చూడవలెను. దానిని తిరిగి చేర్చి, రెండును పూర్తిగా సమానమైన పిదపనే రెండవదానిని తొలగించి చూడవలెను. రెండు మార్లును యంత్రము మేల్కొనిననే ఆ జంట నిజముగా జంట.