గీత లేని వెనిస్

మన తెలుగువాళ్లకు బొమ్మ అంటే ముందు గీత. లేపాక్షి కప్పు మీది చిత్రాలైనా, శ్రీకాళహస్తి కలంకారీ అయినా, బాపు బొమ్మ అయినా గీతే ప్రాణం. ఆ అలవాటుతో ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే వెనిస్ చిత్రాలు చూస్తే చిరాకు పుడుతుంది. మేడకు అంచుండదు. గోడ ఎక్కడ ఆగి నీరు ఎక్కడ మొదలైందో తేలదు.

1908 అక్టోబరులో భార్య ఆలిస్‌తో వెనిస్ చేరేసరికి మోనేకు 67 ఏళ్లు. అప్పటికే చిత్రకారులు వేసి వేసి అరగదీసిన ఊరది. డిసెంబరు మొదటివారం దాకా ఉండి 37 చిత్రాలకు రూపమిచ్చాడు. అంతకుముందు రూవాన్ చర్చిని రకరకాల వేళల్లో వేసిన మనిషి ఇక్కడ పద్ధతి తిరగేశాడు. రోజూ అదే వేళకు అదే చోటు. పొద్దున్నే సాన్ జార్జో చర్చి ఎదుట, మధ్యాహ్నం గ్రాండ్ కెనాల్ మేడల ఎదుట. సుమారు రెండు గంటలు కాగానే కాన్వాసు మార్చేవాడు. వేళ మారకపోతే రోజుకూ రోజుకూ మిగిలే తేడా గాలిదే: తేమ, మంచు, ఎండ పలచన. ఆయనకు కావలసింది అదే.

ఇక పనితనం. నీడకు నలుపు వాడడు. నీలం, ఊదా వేస్తాడు. నీలం పక్కన నారింజ పెడితే రెండూ రెచ్చిపోతాయి. పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయని రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ 1839లోనే పుస్తకం రాశాడు. రంగుల్ని పలకమీద పూర్తిగా కలిపేయకుండా విడివిడిగా అద్దితే, కలిపే పని చూసేవాడి కంటిది. మోనే 1872లో వేసిన సూర్యోదయ చిత్రాన్ని ఫోనులో నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ఎర్రగా మండుతున్న సూర్యుడు దాదాపు మాయమవుతాడు! ఆకాశానికీ సూర్యుడికీ వెలుగు పాలు ఇంచుమించు సమానం. తేడా అంతా రంగులోనే.

ఇదంతా అక్కడికక్కడే, గబగబా అయిపోయిందనుకుంటారు చాలామంది. కాదు. కాన్వాసుల్ని జివెర్నీలోని ఇంటికి తెచ్చి ఏళ్ల తరబడి దిద్దాడు. మధ్యలో, 1911లో, ఆలిస్ పోయింది. 1912లో పారిస్‌లో 29 చిత్రాలు ప్రదర్శనకు పెట్టాడు. క్షణంలో చూసినదాన్ని నిలబెట్టడానికి నాలుగేళ్లు పట్టింది. ఈ చిత్రాల విలువ నా దృష్టిలో ఆ ఓపికలోనే ఉంది.

సీఏ చదువుల కోసం ఢిల్లీ లక్ష్మీనగర్ వచ్చిన మన పిల్లలకు ఈ అంచుల్లేని చూపును అర్థం చేసుకోవడం తేలిక. మెట్రో యమునా బ్యాంక్ దాటి ఇంద్రప్రస్థ వైపు నది మీదుగా పోతుంటే, డిసెంబరు పొద్దున అవతలి ఒడ్డుకు అంచే ఉండదు. నీరూ ఆకాశమూ ఒకటే బూడిద నీలం. అది పొగ కదా, దాంట్లో అందమేమిటంటారా? లండన్‌లో మోనే వేసిన థేమ్స్ మంచులోనూ బొగ్గుపొగే ఎక్కువ. ఊపిరితిత్తులకు చెడ్డదైనా, చూపుకు పాఠమే.

వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ వాళ్లు ఈ వెనిస్ చిత్రాల్లో ఒకటైన ‘పలాజ్జో డా ములా’ను వెబ్‌సైటులో ఉచితంగా ఉంచారు. దించుకుని, ముందు నీటి భాగాన్ని మాత్రమే పెద్దది చేసి చూడండి. మేడ సంగతి తర్వాత.