అంపశయ్యపై తీరిక: నవీన్ నవలలో యువకుని మనసు, డబ్బు, కాలం

నవీన్ 'అంపశయ్య' 1969లో వెలువడింది. చైతన్య స్రవంతి పద్ధతిలో సాగిన తెలుగు నవలల ప్రస్తావన వస్తే మొదట చెప్పే పేరు ఇదే. కాలక్రమంలో నవల పేరే రచయితకు ఇంటిపేరయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజు, సుమారు 16 గంటలు, ఇందలి కథాకాలం. జేమ్స్ జాయిస్ 'యులిసెస్' (1922)తో దీనిని పోల్చడం విమర్శలో ఆనవాయితీ. ఆ పోలిక శిల్పాన్ని వివరించింది గాని, రవి ఆలోచనల సరుకును కొంత మరుగుపరచింది. అది పల్లె నుంచి నగరానికి వచ్చిన పేద యువకుని మనసు. ఎటు తిరిగినా చివరకు డబ్బు దగ్గరకే వస్తుంది. రచయిత అర్థశాస్త్ర అధ్యాపకుడు కావడం ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం.

ముందుతరం నవలా నాయకులను పక్కన నిలిపితే తేడా తెలుస్తుంది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధిని వెంటాడేది తల్లిపై పడిన అపవాదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావును కుంగదీసేది వంశప్రతిష్ఠ, దానిని నిలుపుకోలేని అశక్తత. రవికి పోగొట్టుకోవడానికి అంతటి ప్రతిష్ఠ గాని, ఆస్తి గాని లేవు. స్త్రీ సాన్నిహిత్యం కోసం తపించే యౌవనం ఉంది, దానికి అడ్డుపడే పేదరికం ఉంది. అందుచేత అతనికి కోరిక పాపభీతి కన్నా ముందు తాహతు ప్రశ్నగా ఎదురవుతుంది. తెలుగు నవలలో ఇది చిన్న మార్పు కాదు.

శీర్షికలోని వ్యంగ్యాన్ని కూడా ఈ దృష్టితోనే చూడాలి. భారతంలో అంపశయ్య మీద పడుకున్నది కోరికను ప్రతిజ్ఞతో త్యజించిన వృద్ధుడు. మరణముహూర్తాన్ని తానే ఎంచుకుంటాడు, ధర్మరాజుకు ధర్మాలు బోధిస్తాడు. నవీన్ ఆ శయ్యపై కోరికతో కాలిపోయే యువకుణ్ణి పడుకోబెట్టాడు. బోధించడానికి ఇతని దగ్గర ఏమీ లేదు. నవల వెలువడిన ఏడాదే ఉస్మానియా ప్రాంగణం ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి కేంద్రమైంది. ఆ ఉద్యమ మూలాల్లో ఉద్యోగాల ప్రశ్న ప్రధానం. రవి ఒంటరిగా పడే కలత సామూహిక రూపం ధరించే ముందు ఎలా ఉండేదో చూపడం వల్ల నవలకు చారిత్రక విలువ కూడా వచ్చింది.

అయితే నవలకు పరిమితులు లేకపోలేదు. స్త్రీలు రవి చూపులోంచి మాత్రమే కనిపిస్తారు. వారి కష్టం, వారి కోరిక పాఠకునికి అందవు. ఇది రచయిత లోపమా, ఎంచుకున్న కథనపద్ధతి విధించిన హద్దా అన్నది వేరే చర్చ. అంతకన్నా తక్కువగా పరిశీలింపబడినది తీరిక. రవికి తిండికి ఇబ్బంది ఉండవచ్చు గాని ఆలోచనకు కావలసిన కాలం ఉంది. విద్యార్థి దశ ఇచ్చిన ఆ వెసులుబాటు మీదనే చైతన్య స్రవంతి నిలిచింది.

నేడు పల్లె విడిచి హైదరాబాదు చేరే యువకులందరూ విశ్వవిద్యాలయానికి రారు. నగరం దక్షిణపు అంచున, శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే వైపున ఉన్న మైలార్‌దేవ్‌పల్లి, కాటేదాన్ కర్మాగారాల్లో ఎందరో పనికి చేరుతున్నారు. తెలంగాణ పల్లెల వారితో పాటు బీహార్, ఒడిశా నుంచి వచ్చినవారూ అక్కడ ఉన్నారు. ఆ పారిశ్రామికవాడలో అగ్నిప్రమాదాలు కొత్త కాదు. రవికి ప్రమాదం మనసులో ఉంటే వీరికి యంత్రం పక్కనే ఉంది. ఇల్లు, ఒంటరితనం, ప్రేమ వీరికీ ఉన్నాయి. కాని వీరి 16 గంటల్లో అధికభాగం షిఫ్టుకు పోతుంది. మిగిలినది ఇరుకు గదిలో నిద్రకు, వంటకు, ఇంటికి చేసే ఒక ఫోనుకు సరిపోవాలి. ఇటువంటి రోజును నవలగా మలచబూనితే నవీన్ వాడిన ఎడతెగని అంతర్భాషణ అక్కరకు రాదు. యంత్రం మోత మధ్య, మేస్త్రీ పిలుపు మధ్య తెగి తెగి వచ్చే ఆలోచనకు తగిన వాక్యం కావాలి.